ఆఖరి స్టాప్‌కు ఒక ఆధారం

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో పెళ్లి కార్డులు టైపు చేసే పుష్పలతకు ఒక పిచ్చి ఉండేది. గిరాకీ లేనప్పుడు ఇంటర్నెట్‌లోని తెలుగు విజ్ఞాన సర్వస్వంలో వ్యాసాలు దిద్దేది. జీతం లేదు, పేరూ రాదు. "గీ పని ఎవరి కోసమే?" అని తల్లి కాంతమ్మ అడిగితే నవ్వేసి ఇంకో వ్యాసం తెరిచేది.

2011 సెప్టెంబరులో ఆమె దిద్దుతున్నది 'ఆఖరి స్టాప్' వ్యాసం. బస్సు కండక్టరు దశరథ ఒక్కడే మైకు పట్టుకుని గంటసేపు నవ్వించిన కార్యక్రమం అది. సినిమాల్లో రౌడీలకు అంటగట్టే తెలంగాణ ఊరి మాటను అతను రాజాలా మాట్లాడాడు. డీవీడీ చూసి కాంతమ్మ, "మన లెక్కనే మాట్లాడుతుండు బిడ్డా!" అని మురిసిపోయింది. అందుకే ఆ వ్యాసం నిలవాలని పుష్పలత పంతం. సర్వస్వంలో పొగడ్తలు చెల్లవు కాబట్టి 'అద్భుతం' తీసేసింది, 'కడుపుబ్బ' తీసేసింది. 'హాలంతా నవ్వింది' అన్న వాక్యం తీయడానికి మాత్రం చేతులు రాలేదు.

సరిగ్గా ఆ వాక్యం మీదే, తనలాగే వ్యాసాలు దిద్దే భానుమూర్తి అనే ఆయన నోటీసు పెట్టాడు. ఏడు రోజుల్లో అచ్చులో వచ్చిన ఆధారం చూపకపోతే వ్యాసమే తొలగిస్తారట. చంపాపేట్‌లో ఉండే రిటైర్డు లెక్చరరు, సొంతూరు భీమవరం అని ఆయన పరిచయ పేజీలో ఉంది.

పుష్పలతకు ఒళ్లు మండింది. వ్యాసం చర్చా పేజీలో రాసేసింది: "మేం నవ్వినమని గూడ రుజువు గావాల్నా సార్? ఆంధ్రోళ్లకు మా మాట పడదని సీదా చెప్పుండ్రి."

"నవ్వుకి అక్కర్లేదమ్మా, వ్యాసానికి కావాలి," అని జవాబొచ్చింది. ఆ మర్యాద చూసి ఇంకా మండింది.

పాత పేపర్లు వెతుకుదామంటే ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బస్సుల్లేవు. ఎల్బీనగర్ నుంచి దుకాణానికే నడిచి వస్తోంది. ఆరు రోజులు అలాగే పోయాయి.

ఏడో రోజు భయపడుతూనే పేజీ తెరిచింది. నోటీసు లేదు. 'హాలంతా నవ్వింది' పక్కన చిన్న అంకె, కింద పేపరు పేరు, తేదీ, పేజీ నంబరు. చేర్చింది భానుమూర్తే.

చర్చా పేజీలో ఇలా ఉంది: "గ్రంథాలయం మూసి ఉందమ్మా. నల్లకుంటలో పాత పేపర్లు దాచుకునే మిత్రుడున్నాడు, నడిచి వెళ్లాను. మోకాళ్ల నొప్పి వల్ల ఆలస్యమైంది, ఏమనుకోకు. ఆధారం లేని వ్యాసం ఏదో ఒకనాడు పోతుంది. ఇది పోకూడదు. ఆ కార్యక్రమం జరిగిన సాయంత్రం మూడో వరుసలో నేనూ ఉన్నాను. నవ్వు ఆపుకోలేక కళ్లజోడు కింద పడేసుకున్నాను. కానీ నా మాట ఆధారంగా చెల్లదు కదా."

చంపాపేట్ నుంచి నల్లకుంట దాకా, ఆ మోకాళ్లతో! తనూ నవ్వానని ముందే ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆమె అంత మాట అనేదే కాదు. పద్ధతి కాదని చెప్పలేదు, మాట పడ్డాడు. ఇలాంటి మనుషులు కూడా ఉంటారా అనుకుంది పుష్పలత.

'ఆంధ్రోళ్లు' అన్న తన మాట చెరిపేద్దామని మౌసు పట్టుకుని, ఆగి, దాని కిందే టైపు చేసింది:

"గా మాట తీసేస్తే మీరు ఎసొంటి మాట పడి గూడ నడిచిన్రో ఎవరికి తెల్వదు సార్. ఉండనిస్తున్న. తప్పు నాదే."