ఆదివారం మెసేజి

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో ఆమెది ఫోన్ దగ్గర ఉద్యోగం. పంతొమ్మిదేళ్లుగా అదే కుర్చీ, అదే నంబరు. మెకానిక్కులంతా ఆమెను ఫోనక్కయ్య అనేవారు. లిఫ్టులో ఎవరు ఇరుక్కున్నా ముందు వినేది ఆమె గొంతే. మనిషి బయల్దేరాడని ఆమె చెబితే ఎంత కంగారుపడ్డవాళ్లయినా కుదుటపడేవారు. ఇంతకన్నా మంచి ఉద్యోగం హెడ్డాఫీసులో ఇస్తామని రెండుసార్లు అన్నారు. వద్దంది. ఎందుకని అడిగితే నవ్వేది.

ఆమెకు ఒక్కడే తమ్ముడు. పదకొండేళ్ల కిందట తల్లికి ఆయాసం ఎక్కువైన సాయంత్రం, మందు తెస్తానని వెళ్లినవాడు స్నేహితులతో క్యారమ్స్ ఆడుతూ కూర్చుండిపోయాడు. తిరిగొచ్చేసరికి తల్లి లేదు. ఇంక నా కళ్లబడకు అంది అక్క. వాడు మళ్లీ కళ్లబడలేదు.

ఆ తర్వాత ఏడాదికి రెండు మూడుసార్లు ఆఫీసు ఫోనుకున్న రికార్డింగు యంత్రంలో మెసేజి పెట్టేవాడు. అదీ ఆదివారాలే, ఆమె ఉండదని తెలిసే. "అక్కా, నేను. బాగానే ఉన్నా." అంతే. ఎక్కడున్నాడో చెప్పడు. ఆ పాత యంత్రం నంబరూ చూపించదు. సోమవారం ఆమె అందరికన్నా ముందొచ్చి, బ్యాగు భుజాన ఉండగానే రిసీవరెత్తేది. వాడి మాట వెనకాల ఏవో మోటార్ల హోరు. నెల దాటితే మెసేజిలు చెరిగిపోతాయని, గడువుకు ముందే ఒక్కొక్కటీ విని మళ్లీ దాచేది.

ఈ మధ్య ఆఫీసులో కొత్త ఏర్పాటు చేశారు. ఇకమీదట మెసేజిలు ఈమెయిల్‌లో నేరుగా ఆమె మొబైలుకే వస్తాయట. టెక్నీషియన్ అంతా వివరించాక ఆమె ఒక్కటే అడిగింది.

"ఆదివారం కూడా వస్తుందా?"

"ఎప్పుడైనా నిమిషంలో వచ్చేస్తుంది మేడమ్. ఎవరు చేశారో నంబరు కూడా ఉంటుంది."

ఆమె మంచినీళ్లు తాగొస్తానని లేచి వెళ్లింది. చాలాసేపటికి గాని తిరిగి రాలేదు.

పద్నాలుగు ఆదివారాలు ఫోను పక్కనపెట్టలేదు. స్నానానికి వెళ్తే కిటికీలో ఉంచుకునేది. వచ్చినవన్నీ లిఫ్టు ఆగిందన్న ఫిర్యాదులే. పదిహేనో ఆదివారం డాబా మీద బట్టలారేస్తుంటే మెయిలొచ్చింది. తడిచేతులు చీరకు తుడుచుకుని విన్నది. వాడే. మెయిల్లో నంబరుంది.

వెంటనే చేసింది. మూడో రింగుకి ఎత్తి, ఎవరని అడిగాడు.

"నేన్రా."

అవతల మోటారు ఆపిన చప్పుడైంది. "అక్కా... ఇవాళ సెలవు కదా?"

"ఆ రోజు అన్న మాట వెనక్కి తీసుకుందామంటే నీ నంబరు లేదురా."

వాడు ఏడ్చాడు. మోటార్లకు తీగ చుట్టే వైండింగు కొట్టు పెట్టుకున్నాననీ, పెళ్లయిందనీ, నాలుగేళ్ల కూతురుందనీ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఒకసారి రమ్మంది. ఏ మొహం పెట్టుకుని రావాలన్నాడు.

ఇప్పుడు ఆమె సీట్లో ఉండే వేళల్లోనే చేస్తున్నాడు. వస్తానని మాత్రం అనడు. మొన్న ఫోను పాపకిచ్చాడు.

"అత్తా, నువ్వే రా మా ఇంటికి" అంది పాప.

వాడు రాలేకపోతే తను వెళ్లకూడదని ఎవరూ అనలేదే అని ఆమెకప్పుడు తట్టింది. అడ్రసు చెప్పించుకుని రాసుకుంది. ఆ సాయంత్రమే సెలవు చీటీ రాసి మేనేజరు బల్ల మీద పెట్టింది.