ఎడమ చేతి కత్తి

పోయిన వారం తిరుపతిలో మోకాళ్ళ డాక్టరు దగ్గర నా నంబరు పిలిచేదాకా కూర్చోవలసి వచ్చింది. నాకంటే ముందు ఇరవై మంది ఉన్నారు. గోడ మీది టీవీలో పాత జానపద సినిమా వస్తోంది గానీ రోగులకు ఇబ్బందని శబ్దం తీసేశారు. రాజకుమారుడు మెట్ల మీద వెనక్కి వెనక్కి ఎక్కుతూ అయిదుగురితో కత్తియుద్ధం చేస్తున్నాడు. ఆ ఖణేల్ ఖణేల్ వినిపించకపోతే కత్తియుద్ధం ఒట్టి చాకిరీ అని నాకు ఆ పూటే తెలిసింది. ఎవరి వంతు వాళ్ళు చెమటలు కక్కుతూ ముగించుకుని పోతున్నారు, పాపం. మా వదిన పక్కనుంటే ఈ మాట నాకంటే ముందే అనేది.

వదిన అంటే మా పెద్దన్న భార్య. అన్న లారీ ప్రమాదంలో పోయాక ఇంట్లో ఆమె, పెళ్లికాని నేను మిగిలాం. డెబ్బైల చివర్లో ఇద్దరం బంగారుపాళ్యం దగ్గర జ్యూస్ ఫ్యాక్టరీలో మామిడిపండ్లు కోసే పనికి వెళ్ళేవాళ్ళం. పొద్దున బల్ల దగ్గర నిలబడితే సాయంత్రం దాకా కత్తి కింద పెట్టేది లేదు. సొన తగిలి వేళ్ళ సందులు మండేవి, చీర కుచ్చిళ్ళు బంకకు అట్టలు కట్టేవి, ఇంటికొచ్చి అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నా మామిడి వాసనే. ఆ రోజుల్లో నేను మామిడిపండు తిన్న గుర్తు లేదు. ఇప్పుడూ ఎవరైనా ప్రేమగా కోసిస్తే, షుగరని అబద్ధం చెప్పి తప్పించుకుంటాను.

లోడు రాని ఆదివారం మాత్రం బస్సెక్కి చిత్తూరుకు మాట్నీకి పోయేవాళ్ళం. వదినకు పాటలు అక్కర్లేదు, రాజకుమారి ఏడుపు అసలే అక్కర్లేదు. కత్తులు బయటికి వస్తే చాలు, ఒరిగి కూర్చున్న మనిషి నిటారుగా లేచేది. హాలంతా ఈలలేస్తుంటే ఈమె పనిమంతురాలి కన్నుతో తప్పులు పట్టేది. "అట్ల బిగించి పట్టుకుంటే అర్ధగంటకే సెయ్యి పడిపోతాది, సూడు పాపా" అనేది. వెనక నలుగురు ఎగురుతూ తమ వంతు కోసం కాచుకుని ఉంటే, "సావడానికి గూడా క్యూలో నిలబడతారేందబ్బా!" అని నవ్వేది. కత్తి తగలకుండానే పడిపోయే భటుల్ని మటుకు క్షమించేది కాదు. కూలి తీసుకుని పని ఎగ్గొట్టేవాళ్ళని ఆమె లెక్క.

ఒక ఏడు సీజను మొదట్లోనే వదిన కుడి మణికట్టు మొరాయించింది. రాత్రిళ్ళు తిమ్మిరెక్కి, పొద్దునకు చెంబు కూడా ఎత్తలేకపోయేది. మేస్త్రీకి తెలిస్తే పండ్లు కడిగే తొట్టి దగ్గరికి పంపేస్తాడు. అక్కడ కూలి సగం, పైగా రోజంతా చన్నీళ్ళలో చేతులు. ఆ భయంతో ఎవరికీ చెప్పకుండా, చీర చెంగు చాటున చెయ్యి పిసుక్కుంటూ నెట్టుకొస్తోంది. అప్పుడే ఒక మాట్నీలో, దుర్మార్గుడు కుడిభుజం మీద గాయం చేస్తే, రాజకుమారుడు కత్తిని గాల్లోకి విసిరి ఎడమ చేత్తో అందుకున్నాడు. హాలు దద్దరిల్లింది. వదిన మాత్రం తన ఎడమ చెయ్యి ఒకసారి తిప్పి చూసుకుంది. ఆ రాత్రి వంటింట్లో వంకాయలు ఎడమ చేత్తో తరగడం మొదలుపెట్టింది. పది రోజులు మేం తిన్న కూరల్లో ఒక ముక్క ఇంకో ముక్కకు చుట్టం కాదు.

పదకొండో రోజు ఫ్యాక్టరీలో కత్తి ఎడమ చేతికి మార్చింది. ఎదుటి బల్ల పెద్దామె చూసి గగ్గోలు పెట్టింది. "నలుగురు తినే వస్తువును ఎడం సేత్తో కోస్తావా? అపచారం గాదా?" మేస్త్రీ వచ్చాడు. వదిన తలెత్తకుండానే, "సినిమాలో రాజకుమారుడు కొడితే ఈలేస్తారు, నేను కోస్తే అపచారమా అన్నా?" అంది. అందరూ నవ్వారు, మేస్త్రీ కూడా నవ్వాడు. కానీ పని పనే. "ఎడమో కుడో నాకెందుకుమ్మా, పని సాగాల. నువ్వు, నీ మరదలు సెరో బుట్ట తీసుకోండి. నువ్వు ముందు ముగిస్తే ఈడనే ఉండు, లేకుంటే తొట్టికాడికి పో" అన్నాడు. ఆ బల్ల దగ్గర అందరికంటే వేగం నాదే. నేర్పింది వదినే.

చుట్టూ ఆడవాళ్ళు మూగారు. కత్తి పట్టుకోగానే నేనేం చెయ్యాలో నాకు తెలిసిపోయింది. ఒక పండును కావాలని జారవిడిచాను, వంగి తీసుకోవడానికి లేనిపోని ఆలస్యం చేశాను, బొటనవేలు తెగినట్టు నోట్లో పెట్టుకున్నాను. బుట్ట సగానికి వచ్చేసరికి వదిన నాకంటే నాలుగు పండ్లు ముందుంది. నాలో నేను సంతోషపడుతుండగా ఆమె చెయ్యి ఆగిపోయింది. కత్తి బల్ల మీద పెట్టి నా వైపు చూసింది. "కత్తి తగలకుండానే పడిపోతావుండావా?" అంది మెల్లగా, నాకొక్కదానికే వినబడేట్టు. "సరింగా కొయ్యి. లేకుంటే నేను కొయ్యను."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరి కోసం ఈ నాటకమంతా అనుకున్నాను. కానీ ఆమె కత్తి ముట్టలేదు. గతిలేక నిజంగానే కోశాను, ఆమె నేర్పినట్టే, మణికట్టు వదులుగా పెట్టి. ఆమె కూడా కోసింది, పెదవి కొరుక్కుంటూ. నా బుట్ట ఖాళీ అయ్యేసరికి ఆమె బుట్టలో ఇంకా మూడు పండ్లున్నాయి. అవి కూడా కోసి, కత్తి తుడిచిపెట్టి, మేస్త్రీ చెప్పకముందే తొట్టి వైపు నడిచింది.

సాయంత్రం బస్సులో నానిపోయిన వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని, "బాగా కోసినావు పాపా" అని, ఊరు రాకముందే నా భుజం మీద నిద్రపోయింది. ఆ తొట్టి దగ్గరే ఇంకో ఆరు సీజన్లు చేసింది, ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఆమె పోయి చాలా కాలమైంది. ఆ రోజు ఆమె మాట విని తప్పు చేశానని కొన్నేళ్ళు, వినకపోతే ఆమె మొహం చూడగలిగేదాన్ని కాదని కొన్నేళ్ళు అనుకుంటూ వచ్చాను. కాలం అన్నిటినీ తేలిక చేస్తుందంటారు గానీ, "బాగా కోసినావు" అన్న ఆ మెప్పును మాత్రం ఇంకా బరువుగానే మోయిస్తోంది.