మూడు వేళ్ళ తేడా

మా పిన్ని ముప్పై ఏళ్ళుగా ఇంట్లోనే బట్టలు కుడుతోంది. ఆవిడ దగ్గర కుట్టించుకున్నవాళ్ళెవరూ 'కాస్త వదులు చేయండి, కాస్త బిగించండి' అంటూ రెండోసారి మా గుమ్మం ఎక్కలేదు. ఇది నేను గొప్పకి చెప్పడం లేదు. ఆ గొప్ప చెప్పుకునే పని ఆవిడే చూసుకుంటుంది. కొత్తగా ఎవరొచ్చినా కుర్చీ చూపించకముందే ఈ మాట చెప్పేస్తుంది.

బాబాయి పోయిన ఏడాదికి నేనూ మా ఆవిడా వచ్చి పిన్ని ఇంట్లో వెనక రెండు గదుల్లో చేరాం. ముందుగది ఆవిడది. కిటికీ కింద మిషను, మధ్యలో కత్తిరింపుల బల్ల, గోడకి బొత్తాల డబ్బాలు. నడవాలోకి తెరుచుకునే తలుపుకి ఒక పాత ఇత్తడి పిడి. ఆవిడ చేతి రాపిడికి ఆ పిడి ఎప్పుడూ తళతళలాడుతూనే ఉండేది, ఎవరూ తోమకపోయినా.

పిన్ని దగ్గర టేపు లేదు. మనిషిని నిలబెట్టి, భుజం మీదనుంచి బట్ట ఎక్కడిదాకా రావాలో అక్కడిదాకా ఒక పురికొస పట్టి, ఆ చోట వేలితో నొక్కి పట్టుకుని తలుపు దగ్గరికి నడుస్తుంది. పురికొసని పిడికి తగిలించి కిందికి వదులుతుంది. నొక్కిన చోటు సరిగ్గా నేలకి తగిలితే అది 'ఒక పిడి'. నేల మీద ఇంకా మిగిలితే 'పిడికి రెండు వేళ్ళు ఎక్కువ' అనీ, నేలకి అందకపోతే 'పిడికి నాలుగు వేళ్ళు తక్కువ' అనీ నోటుబుక్కులో రాసుకుంటుంది. కత్తిరించేటప్పుడు బట్టని కూడా అదే పిడికి వేలాడదీసి, పుస్తకంలో ఉన్న వేళ్ళు కలిపో తీసేసో సుద్దతో గీత గీస్తుంది. టేపు ఎందుకు వాడరని ఒకావిడ అడిగితే, "టేపు సాగుతుందమ్మా. తలుపు సాగదు" అందట.

ఇప్పుడు ఇంత వివరంగా చెబుతున్నాను కానీ అప్పట్లో నాకు ఇదేమీ తెలీదు. పిన్ని పని మధ్యలో లేచి మాటిమాటికీ తలుపు దగ్గరికి వెళ్ళొస్తుంటే గాలి కోసం అనుకునేవాణ్ణి. అక్కడే వచ్చింది చిక్కు.

ఆ పిడితో వేరే గొడవ ఉంది. తలుపు మూసుకుందంటే పిడిని కాస్త పైకెత్తి, మోకాలితో తలుపుని నెట్టి, అప్పుడు తిప్పాలి. మా ముగ్గురికీ నిద్రలో కూడా వచ్చిన విద్యే. బయటివాళ్ళకి రాదు. నర్సుల బడి నడిపే పెద్ద నర్సమ్మగారు ఆరుగురు అమ్మాయిల్ని వెంటబెట్టుకుని కొలతలకి వచ్చిన రోజున, పిన్ని వెనక్కి మంచినీళ్ళకి వెళ్ళిన కాసేపట్లో గాలికి తలుపు పడింది. లోపల ఏడుగురు. పిడితో కుస్తీ పడుతున్న చప్పుడు విని మా ఆవిడ పరుగెత్తుకెళ్ళి మోకాలితో నెట్టి తెరిచింది.

పెద్ద నర్సమ్మగారు ముఖం తుడుచుకుంటూ, "మీ పని గురించి మంచిగా విన్నానమ్మా. తలుపు గురించి ఎవరూ చెప్పలేదు" అంది. ముందు ఈ ఆరు గౌన్లు కుట్టి చూపించమనీ, సరిగ్గా కుదిరితే బడిలో మిగిలిన నలభై మందివీ ఇచ్చేస్తాననీ చెప్పి వెళ్ళింది.

పిన్నికి అంత పెద్ద పని రావడం అదే మొదలు. సంతోషించాల్సింది పోయి సాయంత్రమంతా ముఖం ముడుచుకుని కూర్చుంది.

"ఏడుగురిని గదిలో పెట్టి తాళం వేసినట్టయింది. ఏమనుకుంటుందో ఆవిడ" అంది.

"పిడి మార్చేస్తే పోయె" అన్నాను నేను.

మా ఆవిడ నవ్వింది. నేను పనిచేసేది లైబ్రరీలో, పుస్తకాల వెన్ను మీద నంబరు కాగితాలు అంటించే చోట. "మీరు అంటించే కాగితమే వంకరగా ఉంటుంది. పిడి మారుస్తారట" అంది.

ఆ మాటతో నాకు పౌరుషం వచ్చింది. మర్నాడు పిన్ని మా అమ్మని చూసి రావడానికి రెండు రోజులు ఊరెళ్ళింది. నేను సెలవు పెట్టి, కొత్త పిడినీ, దాని గడియ ఉండే పెట్టెనీ కొనుక్కొచ్చాను. రెండు వైపులా రెండు పిడులు, మధ్యలో తలుపుకి చేసిన రంధ్రంలోంచి వెళ్ళే నలుచదరపు ఇనుప పుల్ల. పాత మరలు ఉన్నచోట చెక్క గుల్ల అయిపోయి ఉంది. ఎన్నిసార్లు బిగించినా మర గిర్రున తిరుగుతుందే కానీ పట్టదు. ఇనపసామాన్ల కొట్టాయన్ని అడిగితే, "కాస్త కిందికి బిగించండి సార్, గట్టి చెక్క దొరుకుతుంది. పై కన్నాలకి లప్పం పెట్టి రంగేస్తే పుట్టినప్పటినుంచీ అక్కడే ఉందనుకుంటారు" అన్నాడు. అలాగే చేశాను. మూడు వేళ్ళు కిందికి. గంట పని రెండు రోజులు పట్టిందని మా ఆవిడ అంటుంది. రంగు ఆరడానికి పట్టిన సమయం కూడా ఆవిడ నా ఖాతాలోనే వేసింది.

పిన్ని వచ్చి చూసి మురిసిపోయింది. పిల్లాడి చేత నొక్కించినా తెరుచుకునేంత తేలిగ్గా ఉందని వీధిలో నలుగురికి చెప్పింది. కాకపోతే మొదటి రెండు రోజులూ తలుపు దగ్గరికొచ్చి పిడికోసం చెయ్యి చాస్తే, ఆ చెయ్యి ఖాళీగా పిడికి పైన పడేది. "చెయ్యి తడబడుతోందిరా, వయసు" అంది. నేను కిందికి బిగించిన సంగతి చెప్పవచ్చు. చెప్తే మా ఆవిడ వింటుందని ఊరుకున్నాను.

ఆరు గౌన్లూ తయారయ్యాయి. పెద్ద నర్సమ్మగారు ఒక అమ్మాయిని తీసుకొచ్చింది. అమ్మాయి గౌను తొడుక్కుని బయటికొచ్చింది. ముందునుంచి చూశారు, వెనకనుంచి చూశారు. మోకాళ్ళు బాగా కిందిదాకా కప్పాల్సిన గౌను మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది.

"పొట్టి అయినట్టుందమ్మా" అంది పెద్ద నర్సమ్మగారు.

పిన్ని నోటుబుక్కు తెచ్చింది. గౌను తీసుకుని తలుపు దగ్గరికెళ్ళి పిడికి తగిలించింది. పుస్తకం చూసింది, గౌను చూసింది. రెండూ సరిపోయాయి.

"కొలత సరిగ్గానే ఉందండీ" అంది మెల్లగా.

"అయితే మా పిల్ల వారంలో మూడు వేళ్ళు పెరిగిందంటారా" అంది ఆవిడ, కోపంగా కాదు, నవ్వుతూనే.

పిన్ని నవ్వలేదు. మిగతా అయిదూ తీసి పిడికి తగిలించి చూసింది. అన్నీ పుస్తకం ప్రకారమే ఉన్నాయి. "కింద మడతలో నాలుగు వేళ్ళ బట్ట ఉంచుతానండీ. విప్పి పొడుగు చేసేయొచ్చు, అది పెద్ద పని కాదు. కానీ ఎక్కడ తప్పానో తెలీకుండా నలభై గౌన్లు ఎలా ఒప్పుకోను? రేపు నాలుగింటికి వచ్చి మీ బట్ట తీసుకెళ్ళిపోండి" అంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర పిన్ని ఈ కథంతా చెప్పింది. సెలవు రోజు కావడంతో నేనూ ఉన్నాను. "పుస్తకంలో రాసిందే కత్తిరించాను. కత్తిరించిందే కుట్టాను. మనిషి దగ్గరికొచ్చేసరికి తప్పు. అంటే కొలిచేటప్పుడే నా చెయ్యి తప్పిందన్నమాట. ఇక మిషను మీద గుడ్డ కప్పేస్తానే" అంది మా ఆవిడతో.

"పిడితో కొలవడమేమిటి అత్తయ్యా" అంది మా ఆవిడ. అప్పుడు పిన్ని పురికొస సంగతి, పిడి సంగతి మొదటినుంచి చెప్పింది. కొలతలు ఊరెళ్ళేముందు తీసుకున్నాననీ, కత్తిరించింది వచ్చాకేననీ కూడా చెప్పింది.

నేను ముద్ద కంచంలోనే వదిలేసి ముందుగది తలుపు వైపు చూశాను. మా ఆవిడ నీళ్ళు అందిస్తూ నా ముఖంలోకి అదోలా చూసింది.

మర్యాదస్తుడైతే అక్కడికక్కడే చెప్పేసేవాడు. నేను వేరే ఆలోచన చేశాను. పిన్ని భోజనం అయ్యాక ఓ కునుకు తీస్తుంది. ఆలోపు పిడి విప్పి, గుల్ల కన్నాల్లో చెక్కముక్కలు కొట్టి, పాతచోటికి ఎక్కించేస్తే, ఆవిడ మళ్ళీ కొలిచి చూసుకుంటుంది, తేడా బయటపడుతుంది, బట్ట కుంచించుకుపోయిందనో ఏదో ఒకటి అనుకుంటుంది, నా పేరు రాదు. స్క్రూడ్రైవరు తీసుకుని ముందుగదిలోకి వెళ్ళి, చప్పుడు బయటికి పోకుండా తలుపు మూసుకున్నాను.

లోపలి పిడి మరలు రెండు విప్పాను. పిడి చేతిలోకొచ్చింది. అదే క్షణంలో బయటి పిడి, ఇనుప పుల్లతో సహా, నడవా గచ్చు మీద ఖంగుమని పడింది. గడియ మాత్రం తలుపు పట్టుకునే ఉంది. గోడకి కిటికీ ఉంది, కిటికీకి ఊచలున్నాయి. ఒక చేతిలో పిడితో, ఇంకో చేతిలో స్క్రూడ్రైవరుతో అలా నిలబడిపోయాను.

అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. తలుపు మధ్యలోని రంధ్రంలో పిన్ని కన్ను కనబడింది.

"ఎవరూ?"

"నేనే పిన్నీ."

"లోపలేం చేస్తున్నావురా?"

"పిడి బాగు చేస్తున్నాను."

"బాగున్నదాన్ని బాగు చేయడమేమిటి?"

ఒంటికన్నుతో చూసే మనిషికి అబద్ధం చెప్పడం కష్టం. రెండు కళ్ళయితే ఎక్కడో ఒకచోట తప్పించుకోవచ్చు. పాత కన్నాలు గుల్లబారాయనీ, మూడు వేళ్ళు కిందికి బిగించాననీ, లప్పం పెట్టి రంగేశాననీ, మా ఆవిడ వెక్కిరిస్తుందని చెప్పలేదనీ మొత్తం కక్కేశాను.

కన్ను రంధ్రంలోంచి పోయింది. ఏడుస్తోందేమోనని భయం వేసింది. చెవి పెట్టి వింటే నవ్వు. లోపలే అణుచుకుందామని చూసి, అణగక, దగ్గులా బయటపడుతున్న నవ్వు.

"ఏమే, ఇలా రా. మీ ఆయన నాకు వయసు మీదకి తెచ్చాడు" అని మా ఆవిడని పిలిచింది.

ఈసారి రంధ్రంలో మా ఆవిడ కన్ను వచ్చింది. "నాకు భోజనాల దగ్గరే అనుమానం వచ్చింది" అంది ఆ కన్ను.

"పిన్నీ, ఆ ఇనుప పుల్ల ఇటు తోయి. తలుపు తీస్తాను."

"తోస్తాను. టైమెంతయింది?"

"రెండున్నర."

"ఆవిడ నాలుగింటికి వస్తుంది. బల్ల మీద ఆరు గౌన్లున్నాయి. మిషను సొరుగులో చిన్న కత్తెర ఉంది. కింద మడతల కుట్లు విప్పు. ఆరూ విప్పాకే పుల్ల."

"నాకు కుట్లు విప్పడం రాదు పిన్నీ."

"పిడులు విప్పడం వచ్చిందిగా."

బల్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పిన్ని నడవాలో పీట వేయించుకుని రంధ్రం దగ్గరే కూర్చుంది. "దారం లాగకు, తెంపు. బట్ట పట్టుకు లాగావంటే నీ చెవి పట్టుకు లాగుతాను." మధ్యలో టీ తాగింది, నాకూ తెమ్మంటారా అని మా ఆవిడ అడిగితే, "ఎలా ఇస్తావే, కన్నంలోంచి పోస్తావా" అంది. ఆరో గౌను విప్పి పైకెత్తి చూపించేసరికి మూడుంబావు. అప్పుడు పుల్ల రంధ్రంలోంచి జారి నా చేతిలో పడింది.

తలుపు తెరిచాక ఆవిడ నన్ను చూడలేదు. తలుపు దగ్గరే నిలబడి, కళ్ళు మూసుకుని, ఎప్పుడూ చాచినట్టే చెయ్యి చాచింది. వేళ్ళు ఆగినచోట సుద్దతో గీత గీసింది.

"అక్కడ గోకు" అంది.

గోరుతో రంగు గీకాను. రంగు కింద తెల్లగా లప్పం, గుండ్రంగా, పాత పిడి ఉన్న చోటు. సుద్దగీత సరిగ్గా దాని నడుమలోంచి పోయింది.

పిన్ని ఆ చోటుని ఒకసారి తడిమి, మిషను ముందు కూర్చుంది. నాలుగయ్యేసరికి ఒక గౌనుకి కొత్త మడత పడింది. పెద్ద నర్సమ్మగారి వెంట వచ్చిన అమ్మాయి తొడుక్కుంటే మోకాళ్ళు చక్కగా లోపలికి వెళ్ళిపోయాయి.

"మరి తప్పెక్కడ జరిగిందో తెలిసిందా?" అంది ఆవిడ.

"తెలిసిందండీ. నా చేతిది కాదు" అంది పిన్ని, నా వైపు చూడకుండా. "నలభై మందినీ పంపండి."

పిడి కొత్తచోటే ఉండిపోయింది. నేను దాన్ని ఇంకోసారి ముట్టుకుంటే తలుపే ఊడొస్తుందని పిన్ని తీర్మానం. సుద్దగీత ఉన్నచోట మాత్రం ఒక మేకు కొట్టించింది. కొట్టింది మా ఆవిడ. నేను సుత్తి అడిగాను, ఇవ్వలేదు. ఇప్పుడు కొలతలకొచ్చిన అమ్మాయిలు పిడికి పైన ఈ మేకు ఎందుకండీ అని అడుగుతుంటారు. పిన్ని పురికొస దానికి తగిలిస్తూ, "మా అబ్బాయిని అడగండమ్మా, వివరంగా చెప్తాడు" అంటుంది.