వాడి పచ్చదీపం

వాన పడితే కర్నూలంతా సంబరపడుతుంది. మా ల్యాబ్‌లో మేమిద్దరం మాత్రం ఏడుపుమొహం పెట్టుకునేవాళ్లం. మేము చేసే దీపాలకు తేమ తగిలితే అంతే సంగతులు. పెరోవ్‌స్కైట్ అనే స్ఫటికాలను గాజుముక్క మీద పలుచగా పరిచి కరెంటు ఇస్తే చిలకపచ్చ వెలుగు వస్తుంది. ఎంత అందమో అంత అల్పాయుష్షు. పైన ఇంకో గాజు అతికించి తేమను ఆపినా, వెలిగించే కరెంటే లోపల పొరను కదిలించి పాడుచేస్తుంది. వెలగడమే దానికి చేటు.

వాడు నాతోపాటే పీహెచ్‌డీలో చేరాడు. పత్తికొండ దగ్గర టమోటాలు పండించే ఇంటివాడు. నాది కల్లూరు, నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. దీపం పోయినప్పుడల్లా "ఆరిపోయింది, దీని మొహం మండా" అని గాజుముక్కను బల్లమీద పడేసేవాణ్ని. వాడు దాన్ని తీసుకుని మైక్రోస్కోపు కింద పెట్టి, "ఆరిపోయింది అనగాకురా సచ్చినోడా, కొండెక్కింది అను. మా నాయన వింటే తంతాడు" అనేవాడు. పొద్దంతా ఒకరినొకరం అలాగే తిట్టుకునేవాళ్లం. ఆ తిట్టు ఇప్పుడు నా నోట రాదు.

స్ఫటికాల అంచుల్లో సందులుంటాయి. చెడు అక్కడే మొదలవుతుంది. ఆ సందులను పూడ్చే రసాయనం కలిపి వాడొక దీపం చేసి పరీక్షకు పెట్టాడు. కరెంటు ఆపకుండా ఇస్తూ పోవాలి. వెలుగు ఎలా తగ్గుతోందో కంప్యూటరు రాసుకుంటుంది. మధ్యలో ఆపితే పరీక్ష చెల్లదు. అందుకే ఆ గదికి యూపీఎస్ పెట్టించారు. ఊళ్లో కరెంటు పోయినా అక్కడ తెలియదు.

"ఊరికి పోయొస్తా, దీన్ని చూస్తాండు" అని వాడు బండి మీద వెళ్లాడు. తిరిగి వస్తుంటే కోడుమూరు దాటాక లారీ కొట్టింది.

వాణ్ని మట్టిలో పెట్టి వచ్చి గది తలుపు తీస్తే, దీపం వెలుగుతూనే ఉంది. గోడకు ఆనుకుని ఏడ్చాను. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

కొన్నాళ్లకు హాస్టల్లో వాడి సామాను తీసుకుపోవడానికి వాళ్ల నాయన వచ్చాడు. ఆయన్ని ల్యాబ్‌కు తీసుకెళ్లాను. చెప్పులు బయట విడిచి, దేనికీ తగలకుండా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"ఇదేనా అప్పా, మావాడు చేసింది?"

"ఇదే పెద్దనాయనా."

"వాడు పోయినప్పట్నించీ వెలుగుతానే ఉండాదా?"

తల ఊపాను. అప్పటికే వెలుగు కొంచెం తగ్గింది. ఆయనకు ఆ తేడా తెలియదు. నాకు తెలుసు. ఎన్నాళ్లుగానో మనసులో ఉన్న మాట బయటపెట్టాను.

"ఇప్పుడు ఆపేస్తే చీకట్లో శానా దినాలు బాగుంటాది పెద్దనాయనా. మీరు వచ్చినప్పుడు కాసేపు వెలిగించి చూపిస్తా. ఇట్లే ఉంచితే అయిపోతాది."

నా చెయ్యి స్విచ్ దగ్గరే ఉంది. ఊ అంటే చాలు, ఆపేసేవాణ్ని.

"ఆపితే మరి వాని పని?"

"లెక్కలోకి రాదు."

ఆయన చాలాసేపు దీపాన్నే చూశాడు. "ఎట్ల ఆపుతావప్పా. వాడు మొదలుపెట్టింది కదా. వెలగనీ" అన్నాడు. సామాను ఆటోలో పెట్టాక మళ్లీ నా దగ్గరికి వచ్చాడు. "కొండెక్కిన దినం నాకొక ఫోను చెయ్యి."

మేము అంతకుముందు చేసిన దీపాలన్నిటికంటే అది ఎక్కువ కాలం నిలిచింది. వాడుంటే ల్యాబ్ అందరికీ ఉగ్గాని బజ్జీ తెప్పించేవాడు. నేను ఒక్కణ్నే టీ తెచ్చుకుని దాని ముందు కూర్చునేవాణ్ని. వాడు గెలిచినందుకు సంతోషించడం కూడా నాకు చేతకాలేదు. రోజురోజుకూ అంచుల్లో నల్లటి మచ్చలు వచ్చాయి. పచ్చదనం నడిమధ్యకు ముడుచుకుపోయింది.

ఒక మధ్యాహ్నం గట్టిగా వాన పట్టుకుంది. నేను చూస్తుండగానే ఆ చివరి పచ్చచుక్క కూడా పోయింది. వాళ్ల నాయనకు ఫోను చేశాను. అవతల కూడా రేకుల మీద వాన చప్పుడు.

"పెద్దనాయనా, కొండెక్కింది."

"వాన పడతాండాది కదప్పా" అన్నాడు ఆయన. "ఈడ గూడా కరెంటు పోయిండాది. వచ్చినాక ఇంకొకసారి చూడు."

నా తల మీద ట్యూబులైటు వెలుగుతూనే ఉంది.

"సరే పెద్దనాయనా, చూస్తా" అన్నాను.