లచ్చవ్వ గోడలో గూడు

మా వీధి మలుపులో ఎవరో పల్లెటూరి పద్ధతిలో హోటలు కడుతున్నారు. మొన్న పొద్దున ఆ పక్కగా నడుస్తుంటే తడిమట్టిలో వరిగడ్డి నలిగిన వాసన తగిలింది. మట్టి ఇళ్లవాళ్లు సిమెంటుకు పోతే, సిమెంటు ఇళ్లవాళ్లు డబ్బిచ్చి మట్టిగోడల మధ్య భోంచేయబోతున్నారు. నవ్వొచ్చింది గానీ కాళ్లు ముందుకు పడలేదు. రూతమ్మ టీచరు గుర్తొచ్చింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో కరీంనగర్‌లో మా చర్చి యువజన సంఘాన్ని నడిపింది ఆమే. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం గంట. ప్రతి ఎండాకాలం, తొలకరి పడకముందే, మమ్మల్ని ఏదో ఒక పల్లెకు తీసుకుపోయేది. దిక్కులేనివాళ్ల ఇళ్లకు కూలిన గోడలు ఎత్తడం, గూనపెంకలు దించి మళ్లీ కప్పడం మా పని. ఎవరు ఏ దేవుడికి మొక్కుతారని ఆమె అడిగేది కాదు. అది మా బాపుకు నచ్చేది కాదు. బాపు చర్చిలో సంఘపెద్ద.

ఆ ఏడు గోదావరి దారిలోని ఒక ఊళ్లో లచ్చవ్వ ఇల్లు మా వంతుకొచ్చింది. ముసలామె, ఒంటరి. తూర్పు గోడ సగం కూలింది. పెంకలన్నీ దించి వాకిట్లో పేర్చాం. పాటలు పాడుతూ మట్టి తొక్కి, వరుస మీద వరుస వేసి, గోడను తలెత్తు దాకా తెచ్చాం. నున్నగా మెత్తాం కూడా. ఆరంభశూరులం కాదని నిరూపించుకున్నామని పొంగిపోతున్నాం. లచ్చవ్వ మాత్రం ఇంటి దేవరను గంపలో పెట్టుకుని వేపచెట్టు కింద కూర్చునే ఉంది. ఒకరి దేవర ఇంకొకరి ఇంట్లో నిలవదట, అందుకని పక్కింటి వసారాకు కూడా పోలేదు. పడమట మబ్బు కమ్మడం చూసి లేచి వచ్చింది. కొత్త గోడను ఈ చివర నుంచి ఆ చివరకు తడిమింది.

"గూడేది?" అంది.

పాత గోడలో దేవరను నిలిపే చిన్న అర ఉండేది. కూలిన సగంతో అదీ పోయింది. మా ఇళ్లలో అలాంటివి ఉండవు గనుక మాలో ఒక్కరికీ తట్టలేదు.

"గూడు లేని ఇంట్ల నేను అడుగు పెట్ట బిడ్డా. వాన వడితె వడనీ, గీ చెట్టు కిందనే ఉంట," అంది లచ్చవ్వ. అరవలేదు, ఏడవలేదు. పోయి మళ్లీ గంప పక్కన కూర్చుంది. రూతమ్మ టీచరు కొడవలి తీసుకుని తడిగోడ మీద గూటి కొలతకు నాలుగు గీతలు గీసింది. సరిగ్గా అప్పుడే, పని చూసిపోదామని వచ్చిన మా బాపు సైకిలు దిగాడు.

"సంఘం పేరు మీద వచ్చి దేవర గూడు కడుతున్నరా టీచరమ్మా? రేపు అందరికీ నేనేం చెప్పాలె?"

"ఉన్నదున్నట్టు చెప్పుండ్రి సారూ."

"మీరు పెంకలు కప్పి రాండ్రి. గూడు కావాలంటె ఆమెనే తొలుచుకుంటది."

"ఎండినంక తొలిస్తె గోడ పగులుతది. కట్టిచ్చి, కూలగొట్టుకొమ్మన్నట్టయితది."

అని, ఆమె మా వైపు తిరిగింది. "మనసొప్పనోళ్లు చేతులు కడుక్కొని కూసోండ్రి. నేనేమనుకోను." ముగ్గురు నలుగురు నిజంగానే నీళ్లకుండ దగ్గరికి పోయారు. మబ్బు నెత్తి మీదికి వచ్చింది. పైన దూలాలు బోసిగా ఉన్నాయి. టీచరు గోడ తొలుస్తోంది, పక్కన నేను మట్టిముద్ద పట్టుకుని నిలబడ్డాను.

"బిడ్డా, చేతులు కడుక్కొని రా," అన్నాడు బాపు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మా ఇంట్లో బాపు మాటకు ఎదురు లేదు. టీచరు నా వంక చూడలేదు, చూస్తే నాకు సులువయ్యేది. అడగకుండా చేయి మాత్రం వెనక్కి చాపింది. ఆ చేతిలో మట్టిముద్ద పెట్టాను. బాపు సైకిలెక్కి వెళ్లిపోయాడు. నేను మట్టి అందిస్తూనే ఉన్నాను.

గూటి పైన మట్టి జారకుండా చెక్క ఆనించి, అందరం పెంకలకు ఎగబడ్డాం. మట్టి కడుక్కున్నవాళ్లు కూడా నిచ్చెన పట్టారు. చివరి వరుస కప్పుతుండగానే చినుకులు పడ్డాయి. లచ్చవ్వ గంప నెత్తిన పెట్టుకుని లోపలికొచ్చి, గూటిని తేరిపార చూసింది. "జర కిందికయ్యింది. పోనీ తియ్యి, నా చెయ్యి అందుతది," అంది. మాకు దక్కిన మెచ్చుకోలు అంతే.

ఆదివారం ఆరాధన అయ్యాక బాపు లేచి, తప్పు ఒప్పుకొమ్మని టీచరును అడిగాడు. "ఆమె ఇల్లు ఆమెకిచ్చినం. గిది తప్పని నాకు తోస్తలేదు," అందామె. యువజన సంఘం ఆమె చేతి నుంచి పోయింది. మా పల్లె ప్రయాణాలు అంతటితో ఆగిపోయాయి. ఆ వానాకాలమంతా బాపు నాతో మాట్లాడలేదు.

ఒకరోజు టీచరు ఇంటికి పోయి నా అక్కసంతా వెళ్లగక్కాను. బాపుకు దయ లేదన్నాను, ఆయన నమ్మకం ఉత్త మొండితనమన్నాను. ఓదారుస్తుందనుకున్నాను. ఆమె ముఖం ఎర్రబడింది.

"లచ్చవ్వ గూడు కోసం నా చేతికి మట్టిచ్చినవు. మీ బాపుకు సుత మనసుల ఒక గూడుంటది. దాన్ని కూలగొడుతవా?"

బాపు బతికున్నన్నాళ్లూ ఆయనతో వాదిస్తూనే ఉన్నాను, చాలాసార్లు గట్టిగానే. కానీ ఆయన నమ్మకాన్ని ఎగతాళి చేసే మాట నాలుక చివరికొచ్చినప్పుడల్లా మింగేశాను. తేలిగ్గా మింగలేదు. ఇప్పుడు నా పిల్లలు నాతో వాదిస్తారు, నా నమ్మకాన్ని ఎగతాళి కూడా చేస్తారు. నాకు రూతమ్మ టీచరు మీద బెంగ కలిగేది అప్పుడే.