నాన్నకు ముగ్గురికి వండడం రాదు

మా నాన్న పెద్దకర్మ రోజున మా తమ్ముడు మైకు పట్టుకుని చెప్పిన కథను ఊళ్ళో అందరూ నమ్మారు, నేను తప్ప. తుఫాను వస్తుందని నాన్న ముందే పసిగట్టాడట. సముద్రం ఒడ్డు నుంచి జనం ఆకలితో వస్తారని ఊహించి, పొద్దున్నే గుండిగతో పప్పు వండి సిద్ధంగా కూర్చున్నాడట. మిలట్రీలో నేర్చిన ముందుచూపు అలాంటిదట. ముందు వరసలో పెద్దలు తలలూపారు. నేను వెనక విస్తళ్ళు సర్దుతూ "అబద్ధం" అన్నాను. పక్కనున్న మేనత్త "ఒలే, సచ్చిపోయినోడి మీద కూడా వాదనేటే నీకు" అని మోచేత్తో పొడిచింది. వాదనే మరి. ఆ పొద్దున ఇంట్లో ఉన్నది నాన్న, నేను, తమ్ముడు. తమ్ముడు దుప్పటి ముసుగులో ఉన్నాడు. అంటే సాక్షిని నేనే.

ఆ రోజుల్లో మా వైపు ఊళ్ళలో మిలట్రీ నాన్నలంటే ఏడాదికోసారి వచ్చే చుట్టాలే. నల్ల ట్రంకు పెట్టె, చుట్టిన పరుపు, రమ్ము సీసా తెచ్చాడేమోనని (ఆయన తాగడు, తేడు) మగాళ్ళ పలకరింపులు, సెలవు అయిపోగానే మళ్ళీ రైలు. మా నాన్న తుపాకీ పట్టాడా అంటే పట్టాడు, శిక్షణలో అందరూ పడతారు. ఆ తర్వాత సర్వీసంతా పట్టింది గరిటె. మంచుకొండల్లోనూ ఇసుక ఎడారిలోనూ పటాలానికి వండిపెట్టాడు. అక్కడినుంచి ఏ ఉత్తరం వచ్చినా మొదటి మాట "పిల్లలు తింటన్నారా" అనే. మేం తింటూనే ఉన్నాం. ఆయన లేకుండా తినడం మాకు బాగా అలవాటైపోయింది కూడా.

ఆ సంగతి ఆయన రిటైరై వచ్చాక బయటపడింది. ఇంట్లో ఎవరి పీట వాళ్ళకుంది, ఎవరి కొక్కెం వాళ్ళకుంది. ఆయనకే ఏదీ లేదు. వంటింటి గుమ్మంలో నిలబడి "నానేటి సెయ్యాల?" అని అడిగేవాడు. అమ్మకు మేనబావే, ప్రేమ లేక కాదు, కానీ "కూకో బావా" అనేది. కూర్చునేవాడు. మనిషి ఎంతకాలమని కూర్చుంటాడు? విశాఖపట్నంలో గార్డు ఉద్యోగం ఉందని పాత స్నేహితుడు కబురు పెట్టేసరికి, నాన్న అరుగు మీద కూర్చుని ట్రంకు పెట్టెకు మళ్ళీ నల్ల రంగు వేయడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే రామతీర్థం దగ్గరి ఊళ్ళో మా అమ్మమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది.

అమ్మ బట్టలు సర్దుకుంటూ అంది, "నానొచ్చేదాక ఇల్లు నడిపీ బావా. నడిపినావా, ఇక్కడే ఉండిపో, ఆ గార్డు పనొద్దు. నడపలేపోయినావా, నీ పెట్టె తీసుకుని నువ్వెల్లు." కందిపప్పు కాగు మూత మీద చెయ్యేసి "ఇది మళ్ళీ పంటొచ్చేదాక రావాల" అని కూడా అంది. నాన్న విన్నాడు. నేనూ విన్నాను.

మర్నాడు నేను శ్రీకాకుళం కాలేజీ నుంచి బస్సు దిగి వచ్చేసరికి (డిగ్రీలో లెక్కలు చదివేదాన్ని, ఆ గర్వం ఊరంతా తెలుసు) పెరట్లో రాళ్ళ పొయ్యి మీద పెళ్ళిళ్ళ గుండిగ ఉంది. అటక మీద నుంచి ఒక్కడే దించుకున్నాడు. దాన్నిండా పప్పు.

"ఎవరొస్తన్నారు నాన్నా?"

"ఎవులూ రారు. మనమే."

"మనం ముగ్గురం."

"తెలుసమ్మీ. నాకు ముగ్గురికి ఒండడం రాదు. నూరుమందికైతే కళ్ళు మూసుకుని ఒండీగలను."

నవ్వొచ్చింది, కాసేపటికి కోపమూ వచ్చింది, ఎందుకంటే దాన్ని వీధంతా పంచే పని నా నెత్తిన పడింది. మా వైపు ఇంటికొచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపరు. సాయంత్రానికి మా గిన్నెలన్నీ బరువుగా తిరిగొచ్చాయి. వంకాయలు, ఆనపకాయ ముక్కలు, ఎండు నెత్తళ్ళు, బెల్లం. ఎదురింటావిడ గిన్నెలో ఏం పెట్టాలో తోచక ఒక కోడిపిల్లను పెట్టి పంపింది. నాన్న కూరగాయల గుట్ట చూసి, "పాడైపోతాయమ్మీ, రేపు పప్పులో ఏసీద్దాం. కాపోతే పప్పు ఇంకొంచెం ఎక్కువెయ్యాల" అన్నాడు. అలాగైతే పంటొచ్చేదాకా కాదు, అమ్మొచ్చేదాకా కూడా కాగు మిగలదు. అందుకని నేను దిగాను. నూరుమందికి వేసేదాన్ని నూటితో భాగించి మూడుతో హెచ్చవేస్తే సరిపోతుందని చెప్పాను. "ఉప్పుని భాగించీగలవు. సేతినెలాగ భాగిస్తావు?" అన్నాడు. అయినా విన్నాడు. మర్నాడు చిన్న గిన్నెలో ముగ్గురికి సరిపడా పప్పు చేశాడు. బాగుంది. తమ్ముడు గిన్నె నాకాడు. నా లెక్క నెగ్గింది. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి.

మూడోనాడు లేచి చూస్తే పశువుల సాలలో మళ్ళీ గుండిగ. బయట గాలి లేచింది. వంటింటి కిటికీలో నాన్న రేడియో గరగరలాడుతోంది.

"నిన్న కుదిరింది కదా. మళ్ళీ ఇదేటి?"

"నిన్నటిది లెక్కమ్మీ, ఒంట కాదు."

వెళ్ళి కాగు చూశాను. సగం కూడా లేదు. "అమ్మకేటి సెప్తావు?" అన్నాను. గరిటె తిప్పుతూనే ఉన్నాడు. నా నోరు ఆ వయసులో ఇప్పటికన్నా పదును. "అయితే పెట్టెకి రంగు ఆరిందో లేదో సూసుకో" అన్నాను.

"ఆరింది" అన్నాడు, తల తిప్పకుండా.

మధ్యాహ్నానికి వాన పడింది, పడిందంటే పడింది. ఒడ్డునున్న ఇళ్ళలోకి నీళ్ళొచ్చి, జనం పిల్లల్నెత్తుకుని మా ఊరి బడికి చేరారు. రోజూ మా వీధికి చేపల గంప తెచ్చే ఆవిడ తడిసి ముద్దై మా గుమ్మంలోకొచ్చింది. "మిలట్రీ బాబూ, పిల్లలు పొద్దుట్నుంచి ఏటీ తిన్లేదు. గంజేదైనా ఉన్నాదేటి?" నాన్న లేచి నిలబడ్డాడు. ఊరొచ్చిన దగ్గర్నుంచి ఆయన అంత నిటారుగా నిలబడ్డం నేను చూడలేదు. "పప్పున్నాది. అన్నం ఇప్పుడే వార్చీస్తాను. అందర్నీ వరసగా కూకోబెట్టు" అన్నాడు. ఎవరినీ ఏం చెయ్యాలని అడగలేదు. నీళ్ళు తీసేవరకు పూటపూటా అదే గుండిగ. కాగు అడుగు తళతళా కనిపించింది. నేను విస్తళ్ళు వేశాను. వాదించే తీరిక లేకపోయింది.

దారులు తెరిచాక అమ్మ వచ్చింది. కాళ్ళు కడుక్కుని నేరుగా వెళ్ళి కాగు మూత తీసింది.

"పప్పేది బావా?"

"అయిపోయింది."

"ముగ్గురూ తినీసినారా అంతానూ?"

నాన్న నావైపు చూశాడు. నేను పైకప్పు చూశాను. ఈలోగా చేపలావిడ పెరటి దారిన వచ్చి, అడక్కుండానే అమ్మ చేతిలో రెండు పండుగొప్పలు పెట్టి, "మీ మిలట్రీ బాబు లేపోతే మా పిల్లలు ఏటైపోదురో" అని వెళ్ళిపోయింది. అమ్మ ఒక చేతిలో కాగు మూత, ఒక చేతిలో చేపలు పట్టుకుని కాగులోకి ఇంకోసారి తొంగిచూసింది.

"ఇల్లు నడపమంటే ఊరు నడిపినావు" అంది చివరికి. తర్వాత, "ఆ పెట్టె దారికి అడ్డంగా ఉన్నాది. అటకెక్కించీ."

ఆ ఏడాదంతా మేం ఉలవచారు తిన్నాం. పెట్టె అటకెక్కింది, గుండిగ మాత్రం మళ్ళీ ఎక్కలేదు. చుట్టుపక్కల ఏ పెళ్ళికైనా, ఏ దినానికైనా నాన్నే వండేవాడు. ముగ్గురికి మాత్రం అమ్మ మళ్ళీ వండనివ్వలేదు.

ఇప్పుడు మా ఇంట్లో నేనూ మా ఆయనా ఇద్దరమే. గ్లాసుతో కొలిచి వండుతాను, మెతుకు మిగలదు, లెక్క తప్పదు. మా అపార్టుమెంట్లో ఎవరి గిన్నె ఎవరింటికీ వెళ్ళదు, కోడిపిల్లలు తిరిగి రావు. ఆ డిగ్రీ పిల్ల చూస్తే మెచ్చుకుంటుంది. నాకే ఒక్కోసారి ఆ కొలత మరీ చిన్నదిగా కనిపిస్తుంది.

తమ్ముడితో వాదన ఇంకా తెగలేదు. నాన్నకు చిన్న వంట చేతకాదు, అంతే, మహిమలేం లేవని నేనంటాను. కానీ నా వాదనలో కన్నం ఎక్కడుందో వాడికన్నా నాకే బాగా తెలుసు. రెండోనాడు ఆయన ముగ్గురికి వండాడు, కుదిరింది కూడా. ఒకసారి నేరుగా అడిగాను, ఆ పొద్దున రేడియోలో తుఫాను మాట విన్నావా అని. "ఆ గరగరలో ఏటి ఇనబడతాదమ్మీ" అని నవ్వేశాడు. అది జవాబు కాదు. వినకపోతే, కుదిరిన చిన్న గిన్నెను వదిలేసి మళ్ళీ గుండిగ ఎందుకెత్తాడు? విని ఉంటే, నేను పెట్టె మాట అన్నప్పుడైనా ఆ సంగతి నాతో ఎందుకు చెప్పలేదు?