నా చెయ్యి తగిలిన ఐదు లక్ష్మీ బాంబులు

మా చిన్నతనంలో నెలకు మూడు రోజులు నా చోటు క్వార్టరు వెనక రేకుల పంచ... ఒక చాప, ఒక సత్తు పళ్లెం, ఒక సత్తు చెంబు. గోదావరిఖనిలో మా లైనులో చాలా ఇళ్లలో అదే పద్ధతి.

అప్పుడు నాది ఎనిమిదో తరగతి. దీపావళి రెండు రోజుల్లో ఉంది, నేనేమో పంచలో ఉన్నాను. పటాకులు తెచ్చి సజ్జ మీద పెట్టారు. "నువ్వు ముట్టకు, తుస్సుమంటయ్" అని నాయనమ్మ ముందే చెప్పింది.

మా బాపు బొగ్గు బాయిలో షాట్ ఫైరర్. బొగ్గుగోడకు వేసిన రంధ్రాల్లో మందు దట్టించి పేల్చడం ఆయన పని. ఆ రోజు మొదటి షిఫ్టు దిగే వేళ దాటింది... బాపు రాలేదు. ఆయనతో పనిచేసే కనకయ్య కాక మాత్రం వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"వదినె, ఫికర్ చెయ్యకు. ఒక రంధ్రంల మందు పేలలే. అన్న మంచిగనే ఉన్నడు. గది చూసుకొని వస్తడు, జర ఆలస్యమైతది."

అమ్మ గోడకు ఆనుకుని కూలబడిపోయింది. పేలని మందు పేలిన మందు కంటే భయంకరం... మా కాలనీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు ఆ సంగతి. దగ్గరికి పోయాక పేలితే మనిషి మిగలడు.

నాయనమ్మ నేరుగా పంచలోకి వచ్చింది.

"పొద్దుగాల వాని టిఫిన్ డబ్బ ఎవరిచ్చిన్రు?"

నేనే ఇచ్చాను. అమ్మ నల్లా దగ్గర ఉంటే, బాపుకు డ్యూటీ వేళైపోతోందని పరుగెత్తి అందించాను.

"బయటున్న పిల్ల చెయ్యి తగిలితే మందు మండుతదా? కొడుకును మింగుతవా ఏందే!"

బాపుకేమైనా అయితే అది నా వల్లేనా? చాలాసేపు ఏడ్చాను... ఏడ్చి ఏడ్చి, ఉన్నట్టుండి కోపం వచ్చింది. నిజమో కాదో ఎవరైనా ఒక్కసారి చూశారా అసలు?

లేచి ఇంట్లోకి నడిచాను. స్టూలు ఎక్కి సజ్జ మీది లక్ష్మీ బాంబుల డబ్బా దించాను. "అమ్మా, ఈ డబ్బలకెల్లి ఐదు నువ్వు తియ్యి. నేను వాటిని ముట్ట. తక్కిన ఐదు నావి."

అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. కానీ కళ్లు తుడుచుకుని ఐదు తీసింది. నా ఐదింటినీ గుప్పిట్లో పట్టుకుని, వందదాకా లెక్కపెట్టి, ఒక్కోదానికీ ఎర్ర దారం చుట్టాను.

పట్టపగలు, లైను మధ్యలో, అందరూ చూస్తుండగా అమ్మ అగరుబత్తి అందుకుంది.

నావి ఐదూ పేలాయి! రేకులు అదిరేలా పేలాయి. అమ్మవి నాలుగు పేలాయి... ఒకటి తుస్సుమంది.

"నీ నీడ వడ్డది దాని మీద" అంది నాయనమ్మ.

ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బాపు ఇంకా రాలేదు కదా...

పొద్దు వాలుతుండగా వచ్చాడు. ముఖం నిండా బొగ్గు మసి. వీధిలో కాగితం ముక్కలు చూసి, అమ్మ చెప్పిందంతా విని, నాయనమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, వైరు ఊడింది. నా కండ్లతోటి చూసిన. నేను కలిపిన వైరే, గట్టిగ కలపలే. తప్పు నాది. పిల్ల చెయ్యి తగిలిందని ఊకుంటే రేపు వైరు ఎవడు చూస్తడు? గట్లనే మనుషులు సస్తరు."



మర్నాడు పొద్దున బాపు డ్యూటీకి తయారై, అందరి ముందూ నన్ను పిలిచాడు. "బిడ్డా, టిఫిన్ డబ్బ నువ్వే తేవాలె." తెచ్చి ఇచ్చాను. ఆ రోజంతా నాయనమ్మ అన్నం ముట్టకుండా గడప మీదే కూర్చుంది. నేను లోపల, మంచం మీద కూర్చున్నాను... పంచలోకి పోలేదు.

షిఫ్టు దిగి బాపు వచ్చాడు. "ఇయ్యాల పేలినయా?" అని మాత్రం అడిగింది నాయనమ్మ.

"అన్నీ పేలినయ్ అవ్వా."

ఆమె నమ్మకం పోయిందని అనను. కానీ ఆ చాప మళ్లీ పరవమని నాకు చెప్పలేదు. దీపావళి నాడు వీధిలో అందరికంటే ఎక్కువ చప్పుడు చేసింది నేనే!

ఇప్పుడు ఆ లైను లేదు. బాపూ లేడు, నాయనమ్మా లేదు. మా వైపు అమ్మాయిలు ఇంజినీర్లై బాయి లోపలికే దిగుతున్నారు... అయినా మొన్న ఒక పెళ్లింట్లో, అవే మూడు రోజులని, నా కూతుర్ని "అటు పోకు, ముట్టకు" అన్నారు. అది నావైపు చూసింది. "పో బిడ్డా, ముట్టు" అన్నాను.

మీ చెయ్యి తగిలితే పాడైపోతుందని మీ ఇంట్లో వేటిని దాచారు? ముట్టి చూసినవాళ్లు ఉంటే చెప్పండి... ఏమైందో వినాలని ఉంది.